బడికి దూరమైన పిల్లల వైద్యుడు: రేమండ్ సబూరో

ఈ పాఠంలో మీరు ఒక వైద్యుని జీవితం గురించి చదువుతారు. ఆయన మన దేశంవాడు కాదు. అయినా ఆయన పేరు మన దేశంలోని వైద్య కళాశాలల ప్రయోగశాలల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఎందుకో పాఠం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక విషయం ఆలోచించండి. మీలో కొందరు చిన్నతనంలో బడి మానేసి ఉంటారు. పేదరికం, దూరం, ఇంటి పనులు, జబ్బు, ఇలా కారణాలు ఎన్నో. సుమారు నూట ముప్పై ఏళ్ల కిందట పారిస్ నగరంలో వేలాది పిల్లలు బడికి దూరం కావడానికి ఒక చిన్న బూజు కారణమైంది. అదే తల తామర.

తామర అంటే మీకు తెలుసు. చర్మం మీద గుండ్రంగా వ్యాపించి దురద పెడుతుంది. అదే బూజు పిల్లల తలకు సోకితే అక్కడక్కడా వెంట్రుకలు విరిగిపోయి మచ్చలు పడతాయి. ఒకరి దువ్వెన, టోపీ మరొకరు వాడితే వారికీ అంటుకుంటుంది. అందుచేత ఈ జబ్బు ఉన్న పిల్లలను బడిలోకి రానిచ్చేవారు కాదు. నయం కావడానికి ఏడాది, ఒక్కొక్కప్పుడు రెండేళ్లు కూడా పట్టేది. జబ్బు ప్రాణం తీసేది కాదు, కానీ చదువు తీసేది. పూర్వం చేసిన చికిత్స మరీ క్రూరమైనది. తలకు జిగురు తారు పట్టించిన టోపీ అంటించి, వెంట్రుకలతో సహా ఊడలాగేవారు.

గురువులు చూపిన దారి

రేమండ్ సబూరో 1864లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో జన్మించాడు. వైద్యం చదవడానికి పారిస్ చేరాడు. అక్కడి సెయింట్ లూయీ ఆసుపత్రి చర్మవ్యాధులకు పేరు పొందినది. ఆ ఆసుపత్రిలో ఎర్నెస్ట్ బెస్నియే అనే పెద్ద వైద్యుని దగ్గర ఆయన శిక్షణ పొందాడు. పిల్లల తల తామర గురించి పరిశోధించమని సబూరోకు సూచించినది బెస్నియేనే.

రోగిని చూడటం బెస్నియే దగ్గర నేర్చుకున్నాడు. మరి కంటికి కనిపించని క్రిమిని చూడటం ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఆ రోజుల్లో పారిస్‌లోని పాస్చర్ సంస్థలో ఎమిల్ రూ అనే శాస్త్రవేత్త సూక్ష్మజీవుల శాస్త్రం బోధించేవాడు. 1889లో మొదలైన ఈ తరగతులకు యువ వైద్యులు వచ్చి, సూక్ష్మజీవులను పెంచడం, వేరు చేయడం, సూక్ష్మదర్శినిలో పరీక్షించడం తమ చేతులతో చేసి నేర్చుకునేవారు. సబూరో కూడా అక్కడ శిక్షణ పొందాడు.

గమనించారా? ఒక గురువు ప్రశ్న ఇచ్చాడు. మరొక గురువు పనిముట్టు ఇచ్చాడు. శిష్యుడు రెండింటినీ కలిపాడు. ఈనాటికీ యువ వైద్యులు పరిశోధన నేర్చుకునే పద్ధతి ఇదే.

ఒకే కొలత, ఒకే సరుకు

తల తామరకు బూజు కారణమని సబూరోకు ముందే ఒకరు కనుగొన్నారు. డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు 1840ల తొలి సంవత్సరాల్లో పారిస్‌లోనే ఈ సంగతి చూపించాడు. కానీ చాలామంది వైద్యులు నమ్మలేదు. అర్ధ శతాబ్దం పాటు ఆ పని మరుగున పడిపోయింది. సబూరో మళ్లీ పరీక్షలు జరిపి గ్రూబీ చెప్పినది నిజమేనని రుజువు చేశాడు.

ఈ పనిలో ఒక చిక్కు ఉంది. బూజును పెంచే ఆహారం మారితే దాని రూపం మారుతుంది. ఒకే బూజు ఒకచోట తెల్లగా దూదిలా, మరొకచోట పొడిలా కనిపించవచ్చు. అలాంటప్పుడు ఏది ఏ జాతో ఎలా చెప్పగలం? దీనికి సబూరో ఒక సులభమైన నియమం పెట్టుకున్నాడు. చక్కెర, పెప్టోన్, నీరు, సముద్రపు నాచు నుంచి తీసే అగర్ కలిపి, ఎప్పుడూ ఒకే కొలతతో ఆహారం తయారుచేశాడు. సరుకులు కూడా ఎప్పుడూ ఒకే తయారీదారు నుంచి తెప్పించుకునేవాడు. ఇంట్లో ఊరగాయ పెట్టేవారికి ఈ జాగ్రత్త కొత్త కాదు. ఉప్పు మారితే రుచి మారుతుంది కదా!

ఇలా చేయడం వల్ల తల తామర ఒకే బూజు వల్ల కాక అనేక జాతుల వల్ల వస్తుందని తేలింది. కొన్ని పిల్లల నుంచి పిల్లలకు, కొన్ని పశువులు, పిల్లులు మొదలైన వాటి నుంచి మనుషులకు సోకుతాయని తెలిసింది. ఈ కృషిని ఆయన 1910లో ఒక పెద్ద గ్రంథంగా వెలువరించాడు. తరువాతి కాలంలో ఆయన వర్గీకరణను ఇతరులు సవరించారు. 1934లో అమెరికా శాస్త్రవేత్త చెస్టర్ ఎమన్స్ దాన్ని మరింత సులభం చేశాడు.

వెలుగు, దాని నీడ

సబూరో సెయింట్ లూయీ ఆసుపత్రి ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. జబ్బు పిల్లలు చదువు కోల్పోకుండా ఆ ఆసుపత్రిలోనే ఒక బడి నడిచేది. చికిత్స కాలాన్ని తగ్గించడానికి 1904లో ఆయన, సహాయకుడు ఆంరీ న్వారే కలిసి ఎక్స్-కిరణాలను ఉపయోగించారు. కిరణాలు ఎంత పడ్డాయో కొలవడానికి రంగు మారే చిన్న బిళ్లను వాడారు. కిరణాలు సోకిన కొన్ని వారాలకు జబ్బు వెంట్రుకలు రాలిపోయేవి, ఆ తరువాత కొత్తవి మొలిచేవి. ఏళ్లు పట్టే వైద్యం కొద్ది నెలలకు తగ్గింది. పిల్లలు బడికి తిరిగి వెళ్లారు.

అయితే ఈ కథ ఇక్కడితో ముగియదు. ఎక్స్-కిరణాల వల్ల ఎన్నో ఏళ్ల తరువాత కలిగే హాని ఆనాడు తెలియదు. ఈ చికిత్స అనేక దేశాలకు పాకి, సబూరో మరణించిన తరువాత కూడా కొనసాగింది. ఇజ్రాయెల్‌లో ఇలా చికిత్స పొందిన పిల్లల్లో పెద్దయ్యాక మెదడు గడ్డలు, థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువగా కనిపించాయని 1974లో ఒక అధ్యయనం తెలిపింది. అక్కడ 1994లో బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం చేశారు. మేలు చేయాలన్న తపన ఒక్కటే చాలదు. చికిత్స పొందినవారిని ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి. ఇది కూడా పరిశోధనలో భాగమే.

తరువాత సురక్షితమైన మందు వచ్చింది. ఒక బూజు నుంచి 1939లో వేరుచేసిన గ్రిసియోఫుల్విన్, నోటి ద్వారా ఇస్తే తామరను నయం చేస్తుందని 1958లో తేలింది. బూజుకు మందు బూజులోనే దొరికింది!

సబూరో శిల్పి, చిత్రకారుడు కూడా. 1938లో పారిస్‌లో మరణించాడు. తామర, పసిపిల్లల నోటిపూత వంటి జబ్బుల్లో బూజును గుర్తించడానికి ప్రయోగశాలల్లో వాడే ఆహారాన్ని నేటికీ సబూరో అగర్ అనే పిలుస్తారు.

మీ ఇంట్లోగాని, వీధిలోగాని పిల్లల తలలో గుండ్రంగా వెంట్రుకలు ఊడితే పేనుకొరుకుడు అనుకుని ఊరుకోకండి. అది తామర కావచ్చు, మరొకటి కావచ్చు. వైద్యునికి చూపించండి. పైపూత మందు తల తామరకు చాలదని, మందు లోపలికి తీసుకోవాలని గుర్తుంచుకోండి. ఆ పిల్లవాణ్ణి వెలివేయకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తల తామర పిల్లల చదువుకు ఎలా అడ్డుపడేది?
2. బెస్నియే, రూ సబూరోకు నేర్పిన విషయాల్లో తేడా ఏమిటి?
3. బూజును పెంచే ఆహారాన్ని సబూరో ఎందుకు మార్చలేదు?
4. ఎక్స్-కిరణాల చికిత్సలో మంచిచెడులను మీ సొంత మాటల్లో రాయండి.