కత్తితో అంగీని కోసిన సైనికుడు: టూర్ నగరపు మార్టిన్



నవంబరు 11 వస్తే మీరున్న దేశంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. బ్రిటన్‌లో కోట్ల మీద ఎర్రని పాపీ పువ్వులు కనిపిస్తాయి. అమెరికాలో వెటరన్స్ డే పేరుతో జెండాలు, కవాతులు, మాజీ సైనికులకు రెస్టారెంట్లలో ఉచిత భోజనాలు. అయితే ఆ తేదీన పాశ్చాత్య సంఘం 1,500 సంవత్సరాలకు పైగా ఒక దైవజనుణ్ణి జ్ఞాపకం చేసుకుంటూ వస్తోంది. ఆయన కూడా సైనికుడే. రేపు యుద్ధం అనగా, ఇక నేను పోరాడనని పాలకుడి ముఖం మీదే చెప్పిన సైనికుడు. ఆయన పేరు మార్టిన్.

ఆ పేరులోనే యుద్ధం ఉంది. రోమీయుల యుద్ధ దేవత మార్స్ పేరు నుండి వచ్చిన పేరది. నాలుగో శతాబ్దం తొలి భాగంలో, ఇప్పటి హంగరీ దేశంలో ఉన్న సావారియా పట్టణంలో ఆయన పుట్టాడు. తండ్రి రోమా సైన్యంలో అధికారి, విగ్రహారాధికుడు. ఇటలీలోని పావియాలో కుటుంబం స్థిరపడింది. మార్టిన్‌కు పదేళ్ల వయసులోనే, ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోయినా, క్రైస్తవుల సంఘానికి వెళ్లి బాప్తిస్మానికి సిద్ధపడేవారిలో తన్ను చేర్చుకొమ్మని అడిగాడు.

ఆ రోజుల్లో సైనికుడి కొడుకు సైన్యంలో చేరి తీరాలని చట్టం. తండ్రే కొడుకు వివరాలు అధికారులకు అందించాడు. పదిహేనేళ్ల మార్టిన్‌ను పట్టుకుపోయి, ప్రమాణం చేయించి, గుర్రపు దళంలో చేర్చారు. సహోదరుడా, సహోదరీ, ఇది గమనించండి. వీరత్వం మీద మోజుతో ఆ కుర్రవాడు సైన్యానికి పోలేదు. చట్టం, తండ్రి కోరిక కలిసి అతణ్ణి అక్కడికి చేర్చాయి. ఈ రోజుకీ ఎందరో పిల్లలు ఫీజుల కోసమో, పౌరసత్వం కోసమో, ఇంటి పరిస్థితుల వల్లనో ఆ దారి పడుతున్నారు.

సైన్యంలో ఆయన నడవడి తోటివారికి వింతగా ఉండేది. తనకిచ్చిన ఒక్క సేవకుడికి తానే చెప్పులు విప్పి తుడిచేవాడు, భోజనం వడ్డించేవాడు. జీతంలో తిండికి సరిపడా ఉంచుకొని మిగిలింది పేదలకు పంచేవాడు.

అప్పుడు ఇప్పటి ఫ్రాన్సులోని ఆమియాన్ పట్టణంలో అందరికీ తెలిసిన ఆ సంగతి జరిగింది. ఎంతోమంది చలికి చనిపోతున్నంత తీవ్రమైన శీతాకాలం. ఊరి ద్వారం దగ్గర ఒంటిమీద బట్టలేని బిచ్చగాడు వచ్చేపోయేవారిని బతిమాలుకుంటున్నాడు. ఎవరూ ఆగలేదు. మార్టిన్ దగ్గర అంతకుముందే ఇచ్చేయగా మిగిలింది ఒంటిమీది పై అంగీ ఒక్కటే. కత్తి దూసి దాన్ని రెండుగా కోసి, సగం అతనికి కప్పాడు. సగం అంగీతో నిలబడ్డ సైనికుణ్ణి చూసి కొందరు నవ్వారు. తమకు ఎక్కువ ఉండి కూడా ఏమీ ఇవ్వలేదే అని కొందరు బాధపడ్డారు. ఆ రాత్రి కలలో ప్రభువైన యేసు ఆ సగం అంగీనే కప్పుకొని ఆయనకు కనిపించాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయం ఆయన కళ్ల ముందే నెరవేరింది. పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన బాప్తిస్మం పొందాడు. మార్టిన్ కత్తి చేసిన పనుల్లో లోకం గుర్తుంచుకున్నది ఈ ఒక్కటే.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. జర్మన్ తెగలు గాల్ దేశం మీద పడుతున్నాయి. సీజర్ యూలియన్ ఇప్పటి జర్మనీలోని వర్మ్స్ దగ్గర సైన్యాన్ని సమకూర్చి, యుద్ధానికి ముందు ఒక్కొక్క సైనికుణ్ణి పేరుపేరునా పిలిచి బహుమానపు సొమ్ము పంచుతున్నాడు. రోమా పాలకులకు ఇది పాత అలవాటు. సైన్యం చేతిలో సొమ్ము పెడితే సింహాసనం నిలుస్తుంది. ఆ సొమ్ము ఎక్కడిది? పొలం దున్నుకునే రైతు కట్టిన పన్నుల్లోనిది.

మార్టిన్ వంతు వచ్చింది. ఆయన చెయ్యి చాపలేదు. ఇంతవరకు మీకు సేవ చేశాను, ఇకమీదట దేవునికి సేవ చేయనివ్వండి, ఈ బహుమానం పోరాడబోయేవాడికి ఇవ్వండి, నేను క్రీస్తు సైనికుణ్ణి కాబట్టి పోరాడకూడదు అన్నట్టుగా విన్నవించుకున్నాడు. యూలియన్‌కు కోపం వచ్చింది. రేపటి యుద్ధానికి జడిసి దేవుని పేరు చెబుతున్నాడని, పిరికివాడని నింద వేశాడు. అప్పుడు మార్టిన్, డాలూ శిరస్త్రాణమూ లేకుండా, ప్రభువు నామంలో రేపు సైన్యానికి ముందు నిలబడతానన్నాడు. ఆయన్ను చెరలో వేశారు. మర్నాడు శత్రువులే సంధికి దూతలను పంపారు. రక్తం చిందలేదు. మార్టిన్ విడుదలయ్యాడు. ఆయన బ్రతికుండగానే ఆయనను ఎరిగిన సుల్పీషియస్ సెవెరస్ ఈ సంగతులను గ్రంథస్థం చేశాడు.

తరువాత ఆయన బిషప్ హిలరీకి శిష్యుడై, 361లో లిగుజే అనే చోట సన్యాసుల మఠం ప్రారంభించాడు. 371లో టూర్ నగర ప్రజలు, జబ్బు మనిషి కోసం ప్రార్థించాలని చెప్పి ఆయనను బయటికి రప్పించి మరీ బిషప్‌గా చేసుకున్నారు. మాసిన బట్టలు, చెదిరిన జుట్టు చూసి కొందరు బిషప్పులు ఈయన తగడన్నారు. ప్రజలు వినలేదు.

సంఘమే కత్తి పట్టబోయినప్పుడు కూడా ఆయన అడ్డుపడ్డాడు. 385 ప్రాంతంలో ప్రిసిల్లియన్ అనే బోధకుణ్ణి, అతని అనుచరులను దుర్బోధ నేరం మీద చంపించాలని కొందరు బిషప్పులు ట్రియర్‌లో చక్రవర్తి మాక్సిమస్ వెంటపడ్డారు. ఆ బోధ మార్టిన్‌కూ సమ్మతం కాదు. అయినా వారిని సంఘం నుండి తొలగిస్తే చాలునని, రక్తం చిందించవద్దని వేడుకున్నాడు. చక్రవర్తి మాటిచ్చాడు. మార్టిన్ ఊరు దాటాక ఆ మాట తప్పాడు. మిగిలినవారి మీదికి సైనికాధికారులను పంపకుండా ఆపడానికి, మార్టిన్ ఆ బిషప్పులతో ఒకసారి ప్రభువు బల్లలో పాలుపొందవలసి వచ్చింది. ఆ బాధతో ఆయన మరణం వరకు బిషప్పుల సభలకు వెళ్లలేదు. 397 నవంబరు 8న కన్నుమూశాడు. 11న టూర్‌లో సమాధి చేశారు.

ఇక్కడ ఒక విచారకరమైన మలుపుంది. ఆ అంగీదని చెప్పే ముక్కను ఫ్రాంకుల రాజులు భద్రపరచి, దాని మీద ప్రమాణాలు చేయించి, యుద్ధాలకు వెంట తీసుకుపోయారు. అంగీకి లాటిన్‌లో ఉన్న కప్పా అనే మాట నుండే మనం వాడే చాపెల్, చాప్లిన్ అనే మాటలు పుట్టాయి. బిచ్చగాడికి వెచ్చదనమిచ్చిన గుడ్డ, ఆయుధం వద్దన్నవాడి గుడ్డ, రాజుల చేతిలో యుద్ధపతాకమైంది!

మన కాలంలోనూ ఇలాంటిదే జరిగింది. 1918 నవంబరు 11న మొదటి ప్రపంచయుద్ధం ఆగింది. అమెరికాలో ఆ దినానికి మొదట యుద్ధవిరమణ దినమని పేరు. 1954లో దాన్ని వెటరన్స్ డేగా మార్చారు. తుపాకులు ఆగినందుకు దేవుణ్ణి స్తుతించే భావం మెల్లగా వెనక్కి పోయింది. 2024లో ప్రపంచ దేశాలు సైన్యాలకు పెట్టిన ఖర్చు దాదాపు 2.7 లక్షల కోట్ల డాలర్లు. అందులో మూడో వంతుకు పైగా అమెరికాదే. అదే అమెరికాలో అదే ఏడాది జనవరిలో లెక్కిస్తే 32 వేల మందికి పైగా మాజీ సైనికులకు ఇల్లు లేదు. ఆమియాన్ ద్వారం దగ్గరి బిచ్చగాడు ఈ రోజు మాజీ సైనికుడి టోపీ పెట్టుకొని మీ ఊరి సిగ్నల్ దగ్గర నిలబడి ఉండవచ్చు.

సైనికులను తక్కువ చేయమని దీని అర్థం కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను తన దగ్గరికి వచ్చిన సైనికులను తరిమివేయలేదు. శతాధిపతి కొర్నేలి ఇంటి మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. మన సంఘాల్లోనూ యూనిఫారం వేసుకున్న బిడ్డలున్నారు. వారి కోసం కన్నీటితో ప్రార్థించే తల్లులున్నారు. వారిని ప్రేమించండి. వారిని నిజంగా ప్రేమిస్తే, ఏ యుద్ధానికి పంపుతున్నారు, ఎందుకు పంపుతున్నారు, తిరిగొచ్చాక ఎవరు చూస్తారు అని అడగండి. చప్పట్లతో సరిపెట్టకండి. మనం కట్టే పన్ను కూడా అందులో ఉంది కనుక అడిగే బాధ్యత మనకుంది.

1483 నవంబరు 11న జర్మనీలో ఒక పసివాడికి బాప్తిస్మమిచ్చి, ఆ రోజు జ్ఞాపకం చేసుకునే భక్తుని పేరు పెట్టారు. అతడే మార్టిన్ లూథర్. గుంటూరు, రాజమండ్రి లూథరన్ కుటుంబాల్లో ఎందరో మార్టిన్‌లు ఉన్నారు. మీ ఇంట్లో ఆ పేరున్న బిడ్డ ఉంటే, ఈ నవంబరు 11న సగం అంగీ కథతో ఆపకుండా, చెయ్యి చాపకుండా నిలబడిన ఆ ఉదయం గురించి కూడా చెప్పండి. తరువాత బీరువా తెరిచి, చలికోటు లేనివాడికి ఒక కోటు తీసి ఆ బిడ్డ చేతితోనే ఇప్పించండి.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.