సంఖ్యల నెచ్చెలి శకుంతలాదేవి

పెద్ద సంఖ్యను చూడగానే చాలామంది జంకుతారు. అంత పెద్ద సంఖ్యలోనూ ఒక పొందిక ఉంటుంది. ఆ పొందికను చిన్ననాడే కనిపెట్టి, ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన గణిత ప్రతిభావంతురాలు శకుంతలాదేవి.

ఆమె 1929 నవంబరు 4న బెంగళూరులో ఒక కన్నడ కుటుంబంలో జన్మించారు. తండ్రి వంశపారంపర్యమైన పౌరోహిత్యాన్ని కాదని సర్కసులో చేరారు. మూడేళ్ళ కూతురికి పేకముక్కలతో గారడీ నేర్పుతుండగా, ఆ పసిపాప ముక్కల వరుసనంతా గుర్తుంచుకోవడం ఆయన గమనించారు. సర్కసు మానివేసి, ఆమె చేత ఊరూరా గణిత ప్రదర్శనలు ఇప్పించసాగారు. ఆరేళ్ళ వయసులో ఆమె మైసూరు విశ్వవిద్యాలయంలో తన ప్రతిభను చూపారు. కాని, తోటి పిల్లలు పలకా బలపం పట్టుకొని బడికి పోయే వయసులో ఆమె ఇంటికి ఆధారం కావలసి వచ్చింది. బడి చదువు ఆమెకు అందలేదు. సంఖ్యలే ఆమెకు ఆటవస్తువులు, అవే పాఠాలు. 1944లో తండ్రితో లండన్ వెళ్ళారు. తరువాత అనేక దేశాలలో ప్రదర్శనలిచ్చారు.

1977లో అమెరికాలోని డల్లాస్ నగరంలో, సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో, ఆమె ముందు 201 అంకెల సంఖ్యను ఉంచారు. ఏ సంఖ్యను 23 మార్లు వేసి గుణిస్తే అది వస్తుందో చెప్పమన్నారు. ఆమె 50 సెకన్లలో 54,63,72,891 అని జవాబిచ్చారు. యూనివాక్ కంప్యూటరుకు అదే లెక్కకు 62 సెకన్లు పట్టింది. 1980 జూన్ 18న లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో 13 అంకెల సంఖ్యలు రెండింటిని మనసులోనే గుణించి, 26 అంకెల లబ్ధాన్ని 28 సెకన్లలో చెప్పారు. ఈ ఘనత గిన్నిస్ గ్రంథంలో చేరింది.

ఇది మాయా? మంత్రమా? 1988లో ఆర్థర్ జెన్సెన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆమెను పరీక్షించారు. 17,08,59,375 అనే సంఖ్య ఇచ్చి, దాని ఏడవ మూలం అడిగారు. ఆయన ఆ లెక్కను రాసుకొనే లోపలే ఆమె 15 అన్నారు. ఈ జవాబును మనమూ సరిచూడవచ్చు. సంఖ్య చివర 5 ఉంది. కనుక మూలం చివర కూడ 5 ఉండాలి. ఏడు పదులను గుణిస్తే ఒక కోటి. ఏడు ఇరవైలను గుణిస్తే 128 కోట్లు. 17 కోట్లు ఈ రెంటి నడుమ ఉన్నది. పదికీ ఇరవైకీ మధ్య 5తో ముగిసే సంఖ్య 15 ఒక్కటే.

లెక్కలతో సంబంధం లేని సాధారణ పరీక్షలలో ఆమె వేగం అందరి వేగం వంటిదే అని జెన్సెన్ గుర్తించారు. పసితనం నుండి సంఖ్యలతో చేసిన చెలిమే ఆమె బలం.

పిల్లలకు గణితంపై భయం పోవాలని ఆమె సులభశైలిలో పుస్తకాలు, చిక్కుప్రశ్నలు రాశారు. 2013 ఏప్రిల్ 21న బెంగళూరులోనే కన్నుమూశారు. 1980 నాటి విజయానికి గిన్నిస్ ధ్రువపత్రం 2020లో, ఆమె మరణానంతరం, కుటుంబానికి అందింది. బడి చదువు అందని ఆ బాలిక పుస్తకాలు బడిపిల్లలకు గణితాన్ని చేరువ చేశాయి.