కార్మికుల వైద్యుడు బెర్నార్డీనో రామజ్జీని

మా మణుగూరు బొగ్గుగనుల ప్రదేశము. గనులలో రేయింబవళ్లు యంత్రములు మ్రోగుచునే యుండును. అట్టి మ్రోత పనివాని చెవికి హాని చేయునని మూడువందల యేండ్లకు పూర్వమే వ్రాసిన వైద్యుడొకడు కలడు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

బెర్నార్డీనో రామజ్జీని 1633వ సంవత్సరమున ఇటలీ దేశపు ఉత్తరభాగమునందలి కార్పి యను పట్టణమున జన్మించెను. పార్మా విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము నభ్యసించి 1659లో పట్టభద్రుడయ్యెను. కొంతకాలము గ్రామసీమలలో వైద్యము చేసి, చలిజ్వరమువాత బడి స్వస్థలమునకు మరలివచ్చెను. 1671లో మోదెనా నగరము చేరెను. 1682లో అచ్చటి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

మోదెనాలో ఒకనాడు ఆయన యింటి మురుగుగుంటను శుభ్రపరచుటకు పనివాడొకడు వచ్చెను. వాడు మిక్కిలి తొందరగా పనిచేయుట చూచి, రామజ్జీని జాలిపడి కారణ మడిగెను. గుంటలో ఎక్కువసేపున్నచో కన్నులు పోవునని వాడు చెప్పెను. వాని కన్నులు ఎఱ్ఱబారి యుండుటయు, ఆ పని చేసినవారు పలువురు చూపు కోల్పోయి వీథులలో బిచ్చమెత్తుటయు ఆయన కనుగొనెను. ఆనాటినుండి వృత్తులవలన గలుగు వ్యాధులను పరిశీలించుటకు పూనుకొనెను.

ఆయన గ్రంథములతో తృప్తిపడలేదు. పనిశాలలకు స్వయముగా పోయి, పనివారిని ప్రశ్నించి నేర్చుకొనెను. పేదవాని యింట ముక్కాలిపీటపై కూర్చుండుటకు వైద్యుడు సిగ్గుపడరాదని ఆయన మతము. పూర్వుడైన హిప్పోక్రటీసు రోగి నడుగవలసిన ప్రశ్నలను చెప్పియుండగా, ఈయన వానికి మఱియొకటి చేర్చెను: నీ వృత్తి యేమి యనునదే ఆ ప్రశ్న. ఈ పరిశ్రమకు ఫలముగా 1700లో వృత్తివ్యాధులనుగూర్చిన ఆయన గ్రంథము లాటిను భాషలో వెలువడెను.

అందు కంచరివారి ప్రకరణము మనకు ముఖ్యము. వెనిసు నగరమున వారందఱు ఒక్క పేటలో జేరి, దినమెల్ల రాగిని సుత్తెలతో కొట్టుచుండిరి. ఎడతెగని ఆ చప్పుడుచేత మొదట చెవులు మందగించి, వృద్ధాప్యమున బొత్తిగా చెవుడు వచ్చుచుండెనని ఆయన వ్రాసెను. చెవులలో దూది పెట్టుకొనుట మేలని సూచించెను. పిండిమరల పనివారికిని వినికిడి తగ్గుట ఆయన గమనించెను.

1700లోనే ఆయన పాడువా విశ్వవిద్యాలయమునకు పిలువబడెను. తుదకు తన కన్నులే మసకబారగా, మనుమల సాయమున వ్రాతపని సాగించెను. 1713లో తన గ్రంథమునకు 12 అధ్యాయములు చేర్చి ప్రకటించెను. మరుసటి సంవత్సరము పాడువాలో కాలధర్మము నొందెను.

ఆయన చూచినదానికి కారణము నేడు తెలిసినది. లోపలిచెవిలో కేశములవంటి సూక్ష్మభాగములు గల కణము లున్నవి. అధికమైన మ్రోతవలన అవి క్రమముగా నశించును. నశించినవి మరల పుట్టవు. నొప్పి యుండదు గనుక పనివానికి సంగతి తెలియదు. సన్నని స్వరములు ముందుగా వినబడకపోవును. అనగా పెద్ద చప్పుళ్లు వినుచున్న తండ్రికే తన బిడ్డ మాట తెలియకపోవచ్చును. మన దేశపు గనుల భద్రతా శాఖ 85 డెసిబెల్లులను హెచ్చరికగాను, 90 డెసిబెల్లులను అపాయముగాను 1975లో నిర్ణయించినది. యంత్రముల మ్రోతను తగ్గించుట యజమానుల మొదటి విధి. చెవి రక్షణసాధనము లిచ్చుట దాని వెనుకటిది.

బాలబాలికలారా! ఇంట పెద్దలు చెప్పినమాట మరల మరల అడుగుచున్నచో నవ్వకుడు, విసుగుకొనకుడు. పనిలో ఎంత మ్రోత యున్నదో, చెవులు కప్పుకొనుచున్నారో లేదో అడుగుడు. చెవులు పరీక్ష చేయించుకొమ్మని వేడుకొనుడు. రామజ్జీని ప్రారంభించినదియు అట్టి ప్రశ్నతోనే గదా!