పాట్రిక్ రస్సెల్

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ నున్న కోనసీమ కన్నుల కింపైన ప్రదేశము. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఎటు చూచినను కొబ్బరితోటలు, వరిచేలు, అరటితోటలు, కాలువలు కనబడును. సెలవులు వచ్చినంతనే పట్టణములనుండి బాలురు చుట్టపుచూపుగా ఈ గ్రామములకు వచ్చి, తాతగారి తోటలలోను, చేలగట్లమీదను విహరించుచుందురు. ఆ యానందము నడుమ ఒక్కొక్కప్పుడు గుండె ఝల్లుమనును. ఎండుటాకులలో చుట్టచుట్టుకొని, గోధుమవన్నె మేనిపై నల్లని అంచుగల మచ్చలతో, బుసకొట్టుచు ఒక పాము కంటబడును. పూర్వము గోదావరిలో మొసళ్లు కూడ నుండెడివి. మొసలి నీటిలో నుండును గనుక ఒడ్డున నున్నవాడు తప్పించుకొనవచ్చును. పాము అట్లు కాదు. అది మనము నడచు గట్టుమీదనే యుండును. మన పాదమునకు జానెడు దూరముననే యుండును.

ఆ పామును మన పెద్దలు రక్తపింజర యందురు. ప్రపంచమున సర్పశాస్త్రము చదివిన వారందరును దానిని రస్సెల్ పింజర యందురు. ఆ పేరు గల మహనీయుడు రెండువందల నలువది యేండ్లకు పూర్వము తెలుగుదేశమునకు వచ్చిన ఒక వైద్యుడు. అతడును సెలవులకు వచ్చిన బాలురవలెనే చుట్టపుచూపుగా మన దేశమునకు వచ్చినవాడే. వచ్చి, భయపడి పారిపోక, ఆ పామును పరికించి చూచెను. దానివలన లోకమునకు కలిగిన మేలు గొప్పది.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశమునందలి ఎడింబరో నగరమున 1727లో జన్మించెను. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. పాట్రిక్ ఆ నగరమునందలి విశ్వవిద్యాలయముననే వైద్యవిద్య నభ్యసించెను. అతని సవతి యన్న అలెగ్జాండరు కూడ వైద్యుడే. అలెగ్జాండరు సిరియాదేశమునందలి అలెప్పో నగరమున ఆంగ్లేయ వర్తకులకు వైద్యుడుగా నుండెను. 1750లో పాట్రిక్ అన్నను చేరెను. 1753లో అన్న స్వదేశమునకు మరలిపోగా, ఆ బాధ్యతను తానే వహించెను.

1760వ సంవత్సరమున అలెప్పోలో మహామారి ప్రవేశించెను. రెండు సంవత్సరములు అది నగరమును పీడించెను. ప్లేగు వ్యాధికి కారణమగు సూక్ష్మజీవి 1894 వరకు ఎవరికిని తెలియదు. తెలియని శత్రువుతో పోరాటము మిక్కిలి కష్టము. అయినను రస్సెల్ ఊరు విడిచిపోలేదు. రోగులకు చేతనైన చికిత్స చేయుచు, ఏ రోగికి ఎప్పుడు జ్వరము తగిలినది, ఏనాడు ఏ లక్షణము కనబడినది, ఎవరు కోలుకొనిరి, ఎవరు మరణించిరి అను విషయములను శ్రద్ధతో వ్రాసి యుంచెను. ఆ వ్రాతలే పిమ్మట 1791లో ప్లేగు వ్యాధినిగూర్చిన పెద్ద గ్రంథముగా వెలువడినవి. భయము కలిగించు దానిని దగ్గరనుండి చూచి, చూచినది చూచినట్లు వ్రాయుట అతనికి అలెప్పోలోనే అలవడెను.

1771లో అలెప్పోను విడిచి అతడు స్వదేశమునకు చేరెను. 1777లో లండను రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా స్వీకరించెను. ఇక మిగిలిన జీవితమును గ్రంథరచనలో విశ్రాంతిగా గడపవచ్చును. కాని విధి మరియొక విధముగా నుండెను.

అతని తమ్ముడు క్లాడ్ రస్సెల్ తూర్పు ఇండియా కంపెనీలో ఉద్యోగి. 1781లో క్లాడ్‌ను విశాఖపట్టణమున ఉన్నతాధికారిగా నియమించిరి. ఆ దినములలో ఓడప్రయాణమునకు నెలల కాలము పట్టెడిది. తమ్ముని కుటుంబమునకు తోడుగా నుండవలెనను తలంపుతో పాట్రిక్ కూడ బయలుదేరెను. అప్పటికి అతని వయస్సు ఏబది దాటినది. అతనికి కంపెనీలో ఉద్యోగము లేదు. చేయవలసిన పని లేదు. 1782లో విశాఖపట్టణము చేరి, తమ్ముని యింట అతిథిగా నుండెను.

కాని చూచుటకు అలవాటుపడిన కన్నులకు విశ్రాంతి యుండదు. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రము, నడుమ పొలములు గల ఆ ప్రదేశమున రస్సెల్ చెట్లను, చేపలను, పాములను పరిశీలింప మొదలిడెను. ఆ కాలముననే జాన్ కోనిగ్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసులో కంపెనీవారికి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండెను. అతడు స్వీడను దేశపు మహాపండితుడైన లిన్నేయస్ శిష్యుడు. 1785లో కోనిగ్ విశాఖపట్టణము వచ్చి రస్సెల్‌ను కలిసికొనెను. ఆ సంవత్సరముననే కోనిగ్ రక్తవిరేచనములచే వ్యాధిగ్రస్తుడై, కాకినాడయందలి జగన్నాథపురమున మరణించెను. అతనికి కడపటి దినములలో వైద్యము చేసినవాడు, సామర్లకోటలో తోటలు పెంచుచుండిన విలియం రాక్స్‌బరో. కోనిగ్ పదవిని స్వీకరింపుమని కంపెనీవారు రస్సెల్‌ను కోరిరి. అతిథిగా వచ్చినవాడు అట్లు ఉద్యోగి యాయెను.

నాటి ప్రజల కష్టములలో పాముకాటు ఒకటి. చేనిలో పనిచేయు కూలి, గడ్డి కోయు స్త్రీ, రాత్రివేళ కటికనేలపై నిద్రించు బిడ్డ, వీరే దాని వాతబడెడివారు. ఏ పాము విషముగలది, ఏది కాదు అను విషయమున నిశ్చయమైన జ్ఞానము లేదు. నీరుకట్టె కరచినను జనులు గుండెలు బాదుకొనెడివారు. విషము లేని పాము కరచినవాడు ఎట్లును బ్రతుకును. ఆ కీర్తి మంత్రమునకో, మందునకో దక్కెడిది. ఆ మంత్రమునే నమ్మి, నిజముగా విషసర్పము కరచినవాడు ప్రాణము కోల్పోయెడివాడు. ఈ యజ్ఞానమును తొలగించుట తన ప్రథమ కర్తవ్యమని రస్సెల్ తలచెను. సామాన్యుడు సయితము విషసర్పమును గుర్తింపగలుగునట్లు చేయవలెనని అతని సంకల్పము.

అతని పద్ధతి మెచ్చదగినది. స్థానికులు పట్టి తెచ్చిన ప్రతి పామును అతడు కొలిచెడివాడు. లిన్నేయస్ చూపిన మార్గమున పొట్టమీది పట్టీలను, తోకక్రింది పొలుసులను లెక్కించెడివాడు. నోరు తెరచి కోరలున్నవో లేవో పరీక్షించెడివాడు. రంగునుబట్టి విషమును నిర్ణయింపరాదని, కోరలను చూడవలెనని అతడు గ్రహించెను. ఇది నేటికిని సత్యమే. కట్లపామును పోలిన చారలుగల సాధుసర్పములు మన యిండ్లలోనే తిరుగుచుండును.

విషముయొక్క బలమును తెలిసికొనుటకై అతడు కోళ్లను, కుక్కలను పాములచే కరపించి, వానికి కలిగిన మార్పులను కాలక్రమమున వ్రాసెను. ఈ పని నేడు మనకు కఠినముగా దోచును. కాని విషము శరీరమున ఏమి చేయునో తెలిసికొనుటకు నాడు వేరు సాధనము లేదు. ఆ దినములలో తంజావూరు మాత్రలు పాముకాటునకు దివ్యౌషధమని ప్రసిద్ధి కెక్కినవి. వానిలో పాషాణము చేరి యుండెడిది. రస్సెల్ ఆ ప్రసిద్ధిని విని ఊరకుండక, కాటుతిన్న జంతువులకు ఆ మాత్రల నిచ్చి పరీక్షించి చూచెను. పేరుప్రతిష్ఠలను కాక ఫలితమును చూచుటయే అతని స్వభావము.

ఒకనాడు అతనికి గోధుమవన్నె పాము దొరికెను. దానికి తెలుగువారు చెప్పిన పేరు కాటుక రేకుల పొడ. పొడ యనగా మచ్చ. దాని వీపుమీద మూడు వరుసలుగా కోలమచ్చ లుండును. ఒక్కొక్క మచ్చకు కాటుకతో తీర్చినట్లు నల్లని అంచుండును. పువ్వు రేకులవంటి మచ్చలకు కాటుక దిద్దినట్లున్న ఆ పామునకు అంతకంటె తగిన పేరు లేదు. ఆ పేరు పెట్టినవారు చదువుకొన్న పండితులు కారు. పొలములలో పనిచేయుచు ప్రతిదినము దానిని చూచిన రైతులు, పాములవాండ్రు. రస్సెల్ ఆ పేరును మార్పు చేయక, విన్నది విన్నట్లు ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. పరీక్షలు చేసి, ఆ పాము నాగుపాము తరువాత అంతటి ప్రమాదకరమైనదని నిర్ణయించెను.

అతడు ఇతర పాములకును అట్లే తెలుగు పేరులను వ్రాసెను. కొండచిలువకు పెద్దపొడ యనియు, పసుపు నలుపు పట్టెలుగల పామునకు బంగారు పాము అనియు వ్రాసెను. 1803లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు దోదాఁ ఆ జాతికి శాస్త్రనామము పెట్టవలసివచ్చినప్పుడు, రస్సెల్ గ్రంథమునందలి బంగారు అను మాటనే గ్రహించి బంగారస్ అని నామకరణము చేసెను. కట్లపాము కూడ ఆ జాతిలోనిదే. నేడు ఏ దేశపు విద్యార్థియైనను కట్లపాము శాస్త్రనామమును పలికినప్పుడు, తెలియకయే ఒక తెలుగుమాటను పలుకుచున్నాడు.

1789లో రస్సెల్ స్వదేశమునకు మరలిపోయెను. తెలుగుదేశమున నున్నది ఏడేండ్లు మాత్రమే. ఆ యేడేండ్ల కృషి ఫలించి, 1796లో కోరమాండల్ తీరపు సర్పములనుగూర్చిన అతని బృహద్గ్రంథము రంగుల చిత్రములతో వెలువడెను. దాని రెండవ సంపుటము 1801 మొదలుగా భాగములుగా వచ్చి, అతని మరణానంతరము పూర్తియయ్యెను. 1803లో విశాఖపట్టణపు సముద్రమున దొరకు రెండువందల చేపలనుగూర్చి రెండు సంపుటములు ప్రకటించెను. అందును చేపలకు మన బెస్తవారు చెప్పిన పేరులనే వాడెను. రాక్స్‌బరో వ్రాసిన కోరమాండల్ తీరపు వృక్షముల గ్రంథమునకు పీఠిక వ్రాసి తోడ్పడెను. 1797లో జార్జి షా అను శాస్త్రజ్ఞుడు కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరు పెట్టి గౌరవించెను. తన పేరు ఒక విషసర్పమునకు పెట్టబడుట అతడు కన్నులార చూచెను. 1805 జూలై 2వ తేదీన రస్సెల్ లండనులో మరణించెను.

అతడు పాముకాటునకు మందును కనుగొనలేదు. ఆ పని 19వ శతాబ్దపు చివరి దశకమున ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ మొదలుగాగల వారివలన నెరవేరినది. కాని ఏ పాముయొక్క విషమునకు విరుగుడు చేయవలెనో తెలియుటకు ముందు ఆ పాము ఏదో తెలియవలెను. ఆ మొదటి మెట్టును కట్టినవారిలో రస్సెల్ అగ్రగణ్యుడు. నేడు మన దేశమున తయారగుచున్న విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును పనిచేయును. ఒకప్పుడు ప్రాణము తీయుటకే పేరుపడిన రక్తపింజర విషమునే స్వల్పముగా తీసికొని, రక్తము గడ్డకట్టు తీరును తెలిసికొను పరీక్షలలో వైద్యులు వాడుచున్నారు.

అయినను పోరాటము ముగియలేదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున ఏటేట సగటున 58,000 మంది పాముకాటుచే మరణించి యుందురని పరిశోధకులు అంచనా వేసిరి. వారిలో పెక్కుమంది పల్లెవాసులే. కాటుతిన్నవానిని మంత్రగానియొద్దకు తీసికొనిపోయి గడియలు వృథా చేయుట, గాయమును కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టు కట్టుట హానికరములు. అతనిని కదలనీయక, ధైర్యము చెప్పి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. పామును చంపుటకై వెంటబడి మరియొకరు కాటు తినరాదు. చీకటిలో నడచువారు దీపమును చేత పట్టుకొనవలెను. నేలపై పరుండువారు దోమతెర కట్టుకొనవలెను. ఎలుకలను తిని పంటను కాపాడు జెర్రిపోతువంటి సాధుసర్పములను చంపరాదు.

కోనసీమ గట్టుమీద రక్తపింజర కనబడినప్పుడు రెండడుగులు వెనుకకు వేసి, దూరమున నిలిచి చూడుడు. దాని వీపుమీది కాటుక రేకులు కనబడును. వానికి పేరు పెట్టిన అజ్ఞాతులైన తెలుగు రైతులును, ఆ పేరును గౌరవించి వ్రాసికొనిన విదేశీయ వైద్యుడును జ్ఞప్తికి రావలెను. భయము మనుష్యునకు సహజమే. కాని చూచి తెలిసికొనిన భయము మనలను కాపాడును; తెలియని భయము ప్రాణమునకే ముప్పు తెచ్చును. పాట్రిక్ రస్సెల్ జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.