విశ్వేశ్వరయ్యగారును మూసీ మురుగును

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదున వేలకొలది ప్రాణములను బలిగొనెను. బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచి విదేశములందు సంచరించుచుండిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వమువారు పిలిపింప, వారు 1909లో వచ్చిరి. మైసూరు సీమలోని ముద్దెనహళ్లి వారి జన్మస్థలము. పూర్వులు మాత్రము మన తెలుగునాటి మోక్షగుండమువారే.

ఎగువను జలాశయములు కట్టవలెనని వారు సూచించిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఇది బాలురెల్ల నెఱిగినదే. ఇండ్ల మురుగును భూమిలోని గొట్టములగుండ ఊరి వెలుపలికి కొనిపోవు పథకమును గూడ వారే రచించిరని యెఱిగినవా రరుదు. చెరువువలె కంటికి కనబడునది కాదు గనుక కాబోలు, ఆ పని మెల్లగా సాగెనని మే మనుకొందుము. పిమ్మట వారు మైసూరు దివానుగిరీ నిర్వహించి, 1955లో భారతరత్న బిరుదమును పొంది, 1962లో దివంగతులైరి.

మన సికిందరాబాదు మురుగులో కొంత హుస్సేన్‌సాగరు మీదుగా మూసీని చేరును. అంబరుపేటయందు దినమునకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేయగల కర్మాగారము నేడు కలదు. తేఱిన నీరు మరల నదినే చేరును. దిగువ గ్రామముల రైతులు ఆ నీటిని పంపులతో తోడి పశువుల గడ్డిని, వరిని పండించుచున్నారు. శుద్ధికాని మురుగును అందు కలియుటచే మడిలో దిగినవారి కాళ్లు దురదలెక్కుచున్నవి.