రాళ్ళను చదివిన కింగ్ దొర

సింగరేణి గనులలో పనిచేసే మన విచారణల కుటుంబాలకు ‘కింగ్ సీమ్’ అనే మాట సుపరిచితమే. ఆ బొగ్గుపొరకు ఆ పేరు ఏ రాజు వల్లనో రాలేదు. డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పేరది.

ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండులోని గాల్వేలో ఆచార్యుడు. జర్మనీలో దొరికిన ఒక పుర్రె మనవంటి వారిది కాదని, వేరొక మానవజాతిదని 1864లో దానికి నియాండర్తల్ పేరుపెట్టినవారు ఆయనే. కుమారుడు 1857లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి దక్షిణాదికి వచ్చారు. 1863లో సహోద్యోగి బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు సమీపాన అత్తిరంపాక్కంలో రాతి పనిముట్లు కనుగొన్నారు. మామూలు రాళ్ళ మధ్య ఆదిమానవుని చేతిపనిని గుర్తించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

భద్రాచలం యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్ళు భగ్గున మండాయని మన పెద్దలు చెప్పే కథ తెలిసిందే. 1871లో కింగ్ ఇల్లందు దగ్గర ఆ బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలై వేలాది కుటుంబాలకు అన్నం పెట్టింది.

అయితే ఈ అడవుల్లో ఆయన చూసింది బొగ్గు ఒక్కటే కాదు. పినపాక మండలం జానంపేట మొదలు మంగపేట, కాటాపురం అడవుల దాకా బండలు నిలబెట్టి, పైన పెద్ద రాతిపలక కప్పిన కట్టడాలున్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళంటారు. నిజానికి అవి ఇనుప యుగపు సమాధులు. కొన్నిచోట్ల వాటి పక్కన సిలువ ఆకారపు నిలువురాళ్ళున్నాయి. ముల్హెరన్ అనే సర్వే అధికారి 1868లో వీటిని లోకానికి తెలిపారు. 1872లో ఫెర్గుసన్ అనే పండితుడు ఇవి క్రైస్తవ సిలువలేనని రాశారు. మంగపేట సమీపాన ఉన్న ఇటువంటి శ్మశానాన్ని కింగ్ వర్ణించగా, 1877లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది.

తరువాతి పండితులు వీటిని మనిషి రూపాలుగా గుర్తించారు. అడ్డంగా చాచినవి భుజాలు, పైనున్నది తల. కొన్నిటిలో స్త్రీరూపం స్పష్టంగా కనిపిస్తుంది.

మనసు కోరినదే కంటికి కనబడడం మానవ సహజం. 1976 జూలై 25న వైకింగ్ నౌక తీసిన ఛాయాచిత్రంలో అంగారక గ్రహంపై ఒక మనిషి ముఖం కనిపించింది. చుట్టూ పిరమిడ్లు, పురాతన నగర శిథిలాలు ఉన్నాయని కొందరు పుస్తకాలే రాశారు. 1998లోను, 2001లోను మరింత స్పష్టమైన చిత్రాలు వచ్చాయి. అది గాలికి అరిగిన మామూలు గుట్ట! అక్కడ గుట్టను మనిషి కట్టడమనుకున్నారు. ఇక్కడ మనుషులు కట్టిన సమాధుల్ని రాకాసుల పనిగా చెప్పుకున్నారు.

కింగ్ 1887 నుండి 1894 వరకు భూగర్భ శాఖకు అధిపతిగా ఉండి, 1900లో కన్నుమూశారు.

ఆ రాళ్ళు మన సిలువలు కాకపోతే మన విశ్వాసానికి వచ్చే లోటేమీ లేదు. సత్యమేదైనా దేవునిదే. కాని అవి ఎవరి తల్లిదండ్రులవో సమాధులు. నవంబరు 2న మనవారి సమాధులకు సున్నంవేసి, కొవ్వొత్తులు వెలిగించే మనం, ఆ అడవిలో నిధుల ఆశతో పలకలు పెకలించేవారిని చూసీ చూడనట్లు పోవడం తగదు.