తననే ముందు నవ్వులపాలు చేసుకున్న ఇంజనీరు

సావనీరుకు ఒక ప్రముఖుని జీవితం రాస్తానంటే, సైన్సు విద్యార్థిని గనుక సి.వి.రామన్ గురించి రాస్తానని మావాళ్ళంతా అనుకున్నారు. నేను మాత్రం ఒక హాస్యగాణ్ణి ఎంచుకున్నాను. ఆయనా మనలాగే కాలేజీలో సర్క్యూట్లు చదువుకున్నవాడే. పేరు జస్పాల్ భట్టి. దూరదర్శన్ తప్ప వేరే దిక్కులేని రోజుల్లో ఆయన్ని చూసి నవ్వుకున్న లెక్చరర్లు మనలో చాలామందే ఉంటారు. ఆయన చనిపోయేనాటికి నేను ఒకటో తరగతి. హాస్టల్ గదిలో ఫోనులో చూసి, పరీక్షల ముందు రెండు రాత్రులు పాడుచేసుకుని మరీ నేను ఆయన అభిమానినయ్యాను.

భట్టి 1955 మార్చి 3న అమృత్‌సర్‌లో పుట్టాడు. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు. మిగతావాళ్ళు మార్కుల వెంట పడుతుంటే ఆయన స్నేహితుల్ని కూడగట్టి నాన్సెన్స్ క్లబ్ అని ఒకటి పెట్టాడు. వీధుల్లో నాటికలు వేయడం, నాయకుల్నీ అధికారుల్నీ వేళాకోళం చేయడం దాని పని. పేరుకు నాన్సెన్సే గాని, వాళ్ళు ఎత్తుకున్న విషయాలన్నీ అచ్చంగా జనం బాధలే. ఆ తర్వాత చండీగఢ్‌లోని ట్రిబ్యూన్ పత్రికలో కార్టూన్లు వేశాడు. ఒక చిన్న బొమ్మలో పెద్ద తప్పును పట్టి చూపించే విద్య ఆయనకు అక్కడే అబ్బి ఉంటుందని నా ఊహ.

1980ల చివర్లో దూరదర్శన్‌లో ఉల్టా పుల్టా అనే పేరుతో ఆయన చిన్న చిన్న హాస్య ఘట్టాలు వచ్చాయి. జనం ఆయన్ని గుర్తుపట్టడం అప్పుడే మొదలైంది. 1989లో ఫ్లాప్ షో వచ్చింది. రాసిందీ, తీసిందీ, నటించిందీ ఆయనే. నిర్మాత ఆయన భార్య సవిత. తెర మీద కూడా ఆమె ఆయనకు భార్యగానే నటించింది. సెట్టింగులు లేవు, పెద్ద తారలు లేరు. మొత్తం పది ఎపిసోడ్లు. ఈ రోజుల్లో వెయ్యి ఎపిసోడ్లు నడిచిన సీరియల్ పేరు కూడా ఏడాదికే మరచిపోతున్నాం. ఆ పది ఎపిసోడ్లను మాత్రం మూడు దశాబ్దాలు దాటినా జనం వెతుక్కుని చూస్తున్నారు.

ఎందుకు? నాకు తోచిన కారణం చెబుతాను. సాధారణంగా వ్యంగ్యం రాసేవాడు తాను గట్టున కూర్చుని, బురదలో ఉన్నవాళ్ళ మీద రాళ్ళు వేస్తాడు. భట్టి అలా చేయలేదు. తానే బురదలోకి దిగాడు. యూనివర్సిటీల మీద తీసిన ఎపిసోడ్‌నే చూడండి. పిహెచ్.డి. చేస్తున్న కుర్రాడిచేత పరిశోధన మాని ఇంటి పనులు చేయించుకునే గైడు కథ అది. ఆ గైడు వేషం వేసింది భట్టే. కుర్రాడు వివేక్ షౌక్. చూస్తున్న ప్రొఫెసరుకు కోపం తెచ్చుకునే వీలు లేదు. ఎదురుగా చెడ్డవాడుగా నిలబడ్డవాడు రచయితే కదా! పైగా ఎవరిని ఎగతాళి చేస్తున్నాడో ఆ ఎపిసోడ్‌ను వాళ్ళకే అంకితమిచ్చేవాడు. చివరికి తన కార్యక్రమానికి ఫ్లాపని తానే పేరు పెట్టుకున్నాడు. ఇక విమర్శకుడికి మిగిలిందేముంది?

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నిరుడు హాస్టల్ డేకి నేనొక స్కిట్ రాశాను. మెస్సు సాంబారు మీద జోకులుంచాను గాని, రికార్డులు ఒకరివొకరు చూసి దింపుకునే ముచ్చట భయపడి కొట్టేశాను. ఆ పని చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి మరి! భట్టి అయితే మెస్సును వదిలేసి ఆ రికార్డు పట్టుకునేవాడు. దింపుకునేవాడి వేషం తానే కట్టేవాడు.

ఆయన టీవీతో ఆగలేదు. ధరలు మండిపోతే బజారులో కూరగాయలూ పప్పులూ నూనెలూ పేర్చి, జాతరలో లాగా రింగు వేసి గెల్చుకోమని జనానికి పోటీ పెట్టాడు. 2009 ఎన్నికలప్పుడు రిసెషన్ పార్టీ అని ఒక ఉత్తుత్తి పార్టీ పెట్టాడు. 1999లో పోలీసు వ్యవస్థ మీద మాహౌల్ ఠీక్ హై అనే పంజాబీ సినిమా తీశాడు.

ఆఖరి సినిమా పేరు పవర్ కట్. పంజాబులో కరెంటు కోతల మీద, ఎలక్ట్రికల్ ఇంజనీరు తీసిన హాస్యచిత్రం. ఈ సంగతి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మా నాన్నకు చెప్పాను. నా చిన్నప్పుడు త్రీ ఫేజు కరెంటు రాత్రిపూటే వచ్చేది. నాన్న టార్చిలైటు పట్టుకుని, పాములకు భయపడుతూ, బోరు మోటారు వేయడానికి పొలం పోయేవాడు. మడి తడవకముందే కరెంటు పోయేది. అంత బాధలో నవ్వేముందని నాన్న విసుక్కుంటాడనుకున్నాను. ఆయన మాత్రం కాసేపు ఊరుకుని, గట్టిగా నవ్వి, అక్కడా ఇదేనా అని అడిగాడు. తన కష్టం తనొక్కడిదే కాదని తెలిస్తే మనిషికి కొంత బరువు దిగుతుంది కాబోలు.

ఆ సినిమా విడుదల 2012 అక్టోబర్ 26న. ప్రచారం కోసం తిరుగుతూ, అంతకు ఒక్కరోజు ముందు 25 తెల్లవారుజామున జలంధర్ జిల్లా షాకోట్ దగ్గర కారు ప్రమాదంలో భట్టి చనిపోయాడు. వయసు 57. సినిమాలో కథానాయకుడైన కొడుకు కూడా ఆ కారులోనే ఉండి గాయపడ్డాడు. మరుసటి ఏడాది 2013లో ప్రభుత్వం మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించింది.

ఆయన నవ్వుతో లంచాలు ఆగాయా, కోతలు తగ్గాయా అంటే, లేదనే చెప్పాలి. కాని తప్పు చేస్తున్నవాడు ఒక్క క్షణం అద్దంలో చూసుకున్నట్టు ఉలిక్కిపడి ఉంటాడు. నేనైతే ఉలిక్కిపడ్డాను. ఈ ఏడు హాస్టల్ డేకి రికార్డుల స్కిట్ మళ్ళీ రాస్తున్నాను. దింపుకునేవాడి వేషం నాదే. మిత్రులంతా తప్పక రావాలి.